వంకలో ఈనిన ఎనుము

మొన్న సాయంత్రం మా కోడలు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో జున్ను తెచ్చింది. వీధి చివర కొత్తగా తెరిచిన మిఠాయి అంగట్లో అమ్ముతున్నారట. మూత తీసి వాసన చూశాను. బెల్లం వాసన వచ్చింది, యాలకుల వాసన వచ్చింది, అసలు వాసన మాత్రం రాలేదు. నిజమైన జున్నుకు ఒక పచ్చి వాసన ఉంటుంది. అప్పుడే ఈనిన ఎనుము పక్కన నిలబడితే వచ్చే వాసన అది. ఇది పాలపొడిలో ఏదో కలిపి గడ్డకట్టించిన సరుకు. ఆ మాటే అంటే కోడలు నవ్వింది. "అసలుదైనా మీరు ముట్టరు కదత్తయ్యా, నకిలీదాన్ని తిట్టడం దేనికి?" అంది.

అదీ నిజమే. జున్ను మానేసి నాకు ఒక జీవితకాలం అయింది. మనవలు అడిగితే పడదని చెప్పి తప్పించుకుంటాను. పడకపోవడం ఏమీ లేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో నా అంత జున్ను తిన్న పిల్ల ఇంకొకతె ఉండదు.

మాది ఆలూరు దిక్కున నల్లరేగడి పల్లె. వాన వస్తే జొన్నలు, పత్తి. రాకుంటే అందరూ అరుగుల మీద కూర్చుని మొగులు చూడటం. గేదెను మావైపు ఎనుము అంటారు. గేదె అనే మాట నేను పెళ్ళయి వచ్చాకే విన్నాను. మా ఇల్లు మట్టిమిద్దె. వాకిలి దాటగానే ఎడమ పక్క పశువులు, కుడి పక్క మనుషులు. మధ్య గోడ లేదు, మోకాలెత్తు మట్టిగట్టు ఒకటి ఉండేది, అంతే. మేం సంగటి తింటుంటే అటు పక్క ఎనుము నెమరు వేస్తూ మా వైపే చూసేది. పేడ వాసన, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి వాసన, పొయ్యిలో పత్తికట్టెల పొగ, అన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేవి. అది మా ఇంటి వాసన. పొరుగూరికి పోయి రెండు రోజులుంటే ఆ వాసన లేక నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంటికి పెద్ద మా అవ్వ, నాయనను కన్నతల్లి. పొట్టి మనిషి. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా ఉండేవి. మా తాతతో ఆమె ప్రేమగా మాట్లాడగా నేను వినలేదు గాని, ఎనుముతో మాత్రం పొద్దస్తమానం మాట్లాడేది. పెయ్యగా ఉన్నప్పటినుంచి చేతులారా సాకిన ఎనుము అది. దాని పాలు తోడు పెడితే పెరుగు గంటెను వదిలేది కాదు. "నాకు ఇద్దరు కూతుళ్ళు. ఒకతెని కడప దిక్కు ఇచ్చినా, ఇంకొకతె ఈడనే ఉండాది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కడప దిక్కు ఇచ్చిన కూతురు మా అత్త. రెండో కూతురు ఎనుము.

ఎనుము ఈనిందంటే మా ఇంట్లో పండగే. అవ్వ ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. దూడ నేల మీద పడగానే తుడిచి, గిట్టల మెత్తని కొసలు గిల్లి, తల్లి నాకడానికి ముందు పెట్టేది. అంతవరకే. పొదుగు దగ్గరికి పోనిచ్చేది కాదు. దాని మూతికి దారంతో అల్లిన చిక్కం కట్టి, దూరంగా గుంజకు కట్టేసేది. మాయ పడాలి, ఆ తర్వాత చిక్కగా పసుప్పచ్చగా వచ్చే ముర్రుపాలన్నీ పిండేయాలి, పాలు తెల్లబడాలి. అప్పుడు గాని దూడకు చన్ను అందదు. అందాకా దానికి బెల్లం నీళ్ళు, కడుపు కడగడానికి ఆముదం.

"ఎందుకవ్వా, పాపం అరుస్తాంది కదా" అని నేను ఒకసారి అడిగాను.

"ముర్రుపాలు బరువమ్మీ. లేత కడుపు అరిగించుకోల్యాదు. పేగులకు అతుక్కోని పారుకుంటాది" అంది అవ్వ. "మా అమ్మ ఇట్లనే చేస్తాండె, మా యత్త ఇట్లనే చేస్తాండె. మనమేమన్నా కొత్తగా పుట్టినామా?"

ఇక ఆ ముర్రుపాలతో జున్ను. పెద్ద ఇత్తడి గిన్నెలో పాలు, బెల్లం, మిరియాలు వేసి, ఇంకో గిన్నెలో నీళ్ళు పోసి దాని మీద పెట్టి ఉడికించేది. ఉడుకుతున్నంతసేపూ మా అన్నా నేనూ పొయ్యి దగ్గరినుంచి కదిలేవాళ్ళం కాదు. ముక్కలు కోసి మొదటిది దేవుని గూట్లో పెట్టి, మిగతావి ఊరంతా పంచేది. ఒక్క ఇల్లు తప్పిపోకూడదు. మాట్లాడని ఇళ్ళకు కూడా పంపేది. "పదిమంది నోట్లో పడితే దూడ మీద ఎవురి కన్నూ పడదు" అనేది. దిష్టి అంటే అవ్వకు అంత భయం. దూడకు మేలు జరగాలనే అవ్వ ఆ జున్ను పంచేది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

పంచే పని మా అన్నదీ నాదీ. గిన్నె మీద విస్తరాకు ముక్క కప్పి పంపేది. గడ్డివామి చాటుకు పోగానే ఆకు ఎత్తి అంచులు గిల్లుకుని తిని, ఏమీ ఎరగనట్టు వేలితో సాపు చేసేవాళ్ళం. పక్కింటి సాయిబుల ముసలామె కళ్ళు కనిపించని మనిషే గాని వేళ్ళతో తడిమి కనిపెట్టేసేది. మరునాడు గిన్నె తిరిగిస్తూ, "అక్కా, నీ గిన్నులో ఏలిముద్రలు శానా బాగుండాయి" అనేది మా అవ్వతో. జున్నును ఆమె కన్నడంవాళ్ళ లాగా గిన్ను అనేది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని ప్రతి ఇంటివాళ్ళూ అందులో కాసిని జొన్నగింజలో చిటికెడు పసుపో వేసి పంపేవాళ్ళు. అవ్వ మా చెవులు మెలిపెట్టేది, మళ్ళీ మాకే రెండు ముక్కలు ఎక్కువ పెట్టేది.

పండగ అయిపోయిన కొద్ది రోజులకు దూడ పారుకోవడం మొదలుపెట్టేది.

తెల్లగా, నీళ్ళలాగా, పుల్లటి వాసన. తోకంతా అంటుకుపోయేది. చెవులు వాలేవి. ముక్కు ముట్టుకుంటే చల్లగా ఉండేది. తల్లి దగ్గర వదిలినా తాగేది కాదు, పొదుగు కింద నిలబడి మరిచిపోయినట్టు చూసేది. అవ్వ దానిమ్మ తొక్క నూరి తాపేది, వాము కషాయం తాపేది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఏదీ పని చేయకపోతే చివరికి కాల్చిన ఇనుపచువ్వతో కడుపు మీద వాత పెట్టించేది. ఆ అరుపు వినలేక నేను మిద్దె ఎక్కి చెవులు మూసుకునేదాన్ని. అవ్వ మాత్రం దూడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పోయేదాకా కదిలేది కాదు.

అన్నీ పోయేవని కాదు, బతికినవీ ఉన్నాయి. పోయినవే ఎక్కువ. మా ఇంట్లోనే కాదు, ఊళ్ళో అందరిళ్ళలోనూ అంతే. చావు కబురు తెలిసి అరుగు మీద చేరిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పేవాళ్ళు. బొడ్డులో చీము పట్టింటాదని ఒకరు. మన్ను తినింటాది, కడుపులో పాములు పడింటాయని ఒకరు. గాలి సోకిందని ఒకరు. "పాలన్నీ పిండుకోని దూడకు ఎముకలు మిగిలిస్తే బతుకుతాదా యాడన్నా" అని ఎవరో వెటకారంగా అంటే మిగతావాళ్ళు దగ్గేవాళ్ళు. ఇందులో కొన్ని నిజాలే. పోయే దూడకు దారులు చాలా ఉంటాయి. మా అవ్వ మాత్రం మా ఇద్దరినీ పిలిచి నిలబెట్టి, "చిక్కం ఇప్పినారా? రవ్వంత ముర్రుపాలు యాడన్నా తాగిందా?" అని గుచ్చి గుచ్చి అడిగేది. మేం లేదని ఒట్టు పెట్టినా నమ్మేది కాదు. పైసారి ఈతకు చిక్కం ఇంకా గట్టిగా కట్టేది.

దూడ పోతే ఎనుము పాలు చేపదు. పొదుగు బండరాయిలాగా ఉన్నా చుక్క దిగదు. అందుకని చెప్పులు కుట్టే తాతను పిలిపించేవాళ్ళు. ఆయన దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల కొర్రగడ్డి కూరి కుట్టి తెచ్చేవాడు. దాన్ని ముందు పెడితే ఎనుము వాసన చూసి, నాకి, పాలు వదిలేది. కళ్ళ స్థానంలో రెండు కుట్లు ఉండేవి. మా అన్న దాన్ని పట్టుకుని సందులో పిల్లల్ని తరిమేవాడు. నాకు భయం వేసేది కాదు. ఒకసారి దాని మూతికి బెల్లం ముక్క పూస్తుంటే అవ్వ చూసింది. తిడుతుందనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, "పెట్టు, పెట్టు. అది తినకున్నా నీకు పున్నెం వస్తాది" అంది.

అత్త సంగతి చెప్పాలి.

అత్త సన్నగా, చామనఛాయగా ఉండేది. నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. నాకు జడ వేస్తూ తన అత్తగారింటి మనుషులందరి నడకలూ నడిచి చూపించేది. పురిటికి రెండుసార్లు మా ఇంటికి వచ్చింది. రెండుసార్లూ బిడ్డలు తొట్టెలో వేయకముందే పోయారు. మొదటిసారి నేను మరీ చిన్నదాన్ని, గుర్తు లేదు. రెండోసారి గుర్తుంది. మనుషుల పక్కన, గట్టుకు ఆనుకుని ఉన్న మూలలో చాప మీద పురుడు. దూడకు చేసినట్టే బిడ్డకూ చేశారు. ఊరందరూ చేసేదీ అదే. అత్త చన్నులో మొదట వచ్చిన పాలను మూడు రోజులూ గుడ్డలోకి పిండి పారబోశారు. బిడ్డకు ఆముదం చుక్క, చక్కెర నీళ్ళు, ఎవరింటినుంచో తెచ్చిన మేకపాలు. అత్త రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చింది. బిడ్డ కొద్ది రోజులు ఏడ్చి, తర్వాత ఏడవడం మానేసింది. అవ్వ ఆ బిడ్డను కూడా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

ఆ తర్వాత అత్త నవ్వడం తగ్గించింది. మూడోసారి నెలలు నిండి వచ్చినప్పుడు ఎవరి నడకా నడిచి చూపించలేదు. ఎవరైనా పలకరిస్తే "ఈసారైనా నిలిస్తే సాలు" అనేది, అంతకు మించి మాట్లాడేది కాదు. అప్పుడే ఎనుము కూడా చూడి మీద ఉంది. నాయన వాతావరణం తేలిక చేద్దామని, "మన ఇంట్లో ఇద్దరు నిండు చూలాండ్లు. ఎవురు ముందో సూద్దాం" అని మేలమాడేవాడు. అవ్వ కసిరేది. అత్త మాత్రం కాస్త పెదవి కదిపేది. ఆమెకు చింతచిగురు తినాలని ఉండేది. నేను పావడలో కోసి తెచ్చి ఇస్తే ఉప్పద్దుకుని గట్టు మీద కూర్చుని తినేది, ఎనుముకు కూడా రెండు రెబ్బలు పెట్టేది.

ఒక సాయంత్రం మంద ఇంటికి వచ్చింది, ఎనుము రాలేదు. మబ్బు పట్టి చినుకులు పడుతున్నాయి. నాయన పొద్దు గూకేదాకా వెతికి వచ్చాడు. అవ్వ అన్నం ముట్టలేదు. తెల్లవారగానే నాయన, అన్న, నేను బయలుదేరాం. వద్దన్నా నేను వెనక పడ్డాను. ఊరికి దూరంగా వంక ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే, వానలప్పుడు అక్కడక్కడా మడుగులు. జమ్ము పెరిగిన ఒక మడుగు గట్టున మా ఎనుము నిలబడి ఉంది. దాని కింద దూడ.

దూడ తాగుతోంది. నేను అట్లా తాగే దూడను అంతకుముందు చూడలేదు. ముందు కాళ్ళు వంచి, తలతో పొదుగును కుమ్మి కుమ్మి తాగుతోంది. తోక ఆడుతూనే ఉంది. మూతి చుట్టూ పసుప్పచ్చటి నురగ. కడుపు డోలులాగా ఉబ్బింది. ఎనుము మమ్మల్ని చూసి కూడా కదల్లేదు, దూడ వీపు నాకుతూ ఉంది. పెయ్యదూడ.

"సచ్చినాం పో" అన్నాడు నాయన. "కడుపు నిండా తాగిండాది."

దూడను భుజాల మీద వేసుకుని ఆయన ముందు నడిచాడు, ఎనుము వెనక, దాని వెనక మేం. అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. ముందు ఎనుమును చూసి చేతులు జోడించింది. తర్వాత దూడ మూతికి ఆరిపోయి ఉన్న నురగ చూసింది.

"తాగిండాదా?"

"తాగిండాదిమా. రెయ్యంతా తాగినట్టుండాది."

అవ్వ అక్కడే కూలబడింది. "పోయినాది. ఇదీ పోయినాది" అంది మెల్లగా. ఏడవలేదు. లేచి ఆముదం తెచ్చింది గాని దూడ నోరు తెరవలేదు. పెనుగులాడి గిన్నె తన్నేసింది. అత్త గట్టు మీదినుంచి, "అమా, అది బాగనే ఉండాది కద, ఇడ్సిపెట్టు" అంది. అవ్వకు కూడా ఓపిక లేకపోయింది. ఎట్లాగూ పోయేదే, ఇంక హింస దేనికని వదిలేసింది. చిక్కం కూడా కట్టలేదు.

ఆ ఈతకు జున్ను లేదు. ముర్రుపాలు చాలావరకు దూడ కడుపులోకే పోయాయి. ఊళ్ళో ఆడవాళ్ళు వీధిలో కనపడితే అవ్వ తల తిప్పుకునేది. సాయిబుల ముసలామె కర్ర పొడుచుకుంటూ ఇంటికే వచ్చింది.

"ఈసారి గిన్ను రాల్యేదేమక్కా? పిల్లోల్లు దావలో అంతా తినేసినారా?"

"గిన్ను ల్యాకపాయె చెల్లీ. దూడ కూడా ఉండేది కాదులే" అంది అవ్వ.

ఉండేది కాదన్న దూడ ఉంది. అవ్వ పొద్దున లేవగానే ముందు దాని తోక కింద చూసేది. పేడ మొదట నల్లగా, తర్వాత పచ్చగా, ఆ తర్వాత గట్టిగా వచ్చింది. తెల్లగా పడనే లేదు. చెవులు నిలబడ్డాయి. అది ఇల్లంతా గెంతి నీళ్ళకడవ ఒకటి పగలగొట్టింది. నా పావడ అంచు నమిలి పీలికలు చేసింది. అవ్వ దాన్ని తిట్టబోయి ఆగి, వాకిట్లోకి వచ్చి తూర్పు తిరిగి దండం పెట్టింది. "అహోబిలం సామి సల్లగా సూసినాడు. ఏడాది తిరిగినాక దీన్ని తోలుకోని కొండకు వస్తాననుకున్యా" అని చెప్పింది అందరికీ. మేమందరం నమ్మాం. అట్లాంటివి ఎప్పుడో ఒకసారి జరుగుతాయి, సామి తలుచుకుంటే కానిదేముంది అన్నారు ఊళ్ళోవాళ్ళు.

అత్త మాత్రం పొద్దంతా గట్టు మీద కూర్చుని దూడనే చూస్తుండేది. ఒక మధ్యాహ్నం అవ్వ చేనికి పోయినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మీ, పోయిన ఈత దూడకు మొదట ఏం తాపినారు?"

"బెల్లం నీళ్ళత్తా."

"దాని ముందర దానికి?"

"బెల్లం నీళ్ళే."

"మరి దీనికి?"

"దీనికెవురూ ఏం తాపలేదు కద. అదే తాగిండాది."

అత్త కడుపు మీద చేయి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆమె మొహం చూసి నాకెందుకో ఆడుకోవడానికి పోబుద్ధి కాలేదు. పక్కనే కూర్చుని ఆమె గాజులు లెక్కబెట్టుకుంటూ ఉండిపోయాను.

అత్త కాన్పు ఒక పొద్దుటి పూట అయింది. నాయనను, అన్నను బయటికి పంపారు. నన్ను కూడా పంపారు గాని నేను పశువుల పక్కకు దూరి దూడ వెనక కూర్చున్నాను. ఆడపిల్ల. మంత్రసానమ్మ బొడ్డు కోసి, నీళ్ళు పోసి, పాత చీర పేలికలో చుట్టి అత్త పక్కన పెట్టింది. అవ్వ ఆముదం గోరువెచ్చ చేయడానికి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ కాస్త వ్యవధిలో అత్త గోడకు జరిగి కూర్చుని, బిడ్డను ఎత్తుకుని రొమ్ముకు పెట్టుకుంది. బిడ్డ రెండుసార్లు నోరు తప్పించుకుని మూడోసారి పట్టింది.

అవ్వ ఆముదం గిన్నెతో వచ్చి చూసింది.

"ఏం చేస్తాండావు తల్లీ? అవి ముర్రుపాలు."

"తెల్సుమా."

"అరగవమ్మా. రెండుసార్లు అయిండాది. మళ్ళా నాకు ఆ పని పెట్టొద్దు" అంది అవ్వ. గొంతు పెంచలేదు.

అత్త తలెత్తలేదు. బిడ్డనే చూస్తూ చెప్పింది. "రెండుసార్లూ నువ్వు చెప్పినట్టే ఉంటి కదమా. ఒక్క చుక్క పట్టనీలేదు. అయినా పోయిరి." బిడ్డ తలను మోచేతి మీదికి జరుపుకుంది. "ఎనుముకు ఎవురూ చెప్పలేదు. దాని బిడ్డ బతికిండాది."

మంత్రసానమ్మ చేతులు కడుక్కుంటున్నది అట్లాగే ఆగిపోయింది. ఆమె కూడా ఎన్ని ఇళ్ళలో ఎన్ని చన్నులు పిండి పారబోసిందో. అవ్వ గట్టు మీదుగా ఇటు చూసింది. నన్ను చూసిందో దూడను చూసిందో తెలియదు. ఆ క్షణంలో ఆమె ఆ బిడ్డను లాక్కుంటుందని నేను భయపడ్డాను. లాక్కుంటే అత్త ఆపగలిగేది కాదు, లేచే శక్తి కూడా ఆమెకు లేదు.

అవ్వ గిన్నెను గూట్లో పెట్టింది. అత్త వెనక్కి పోయి, గోడకూ ఆమెకూ మధ్య దూరి కూర్చుంది. కూతురి నడుము చుట్టూ చేయి వేసి తన రొమ్ముకు ఆనించుకుంది.

"వంగి తాపొద్దు, నడుము పట్టుకుంటాది. నాకానుకో" అంది.

అత్త అప్పుడు ఏడ్చింది. బిడ్డ తాగుతూనే ఉంది.

బిడ్డ పోతుందనే అవ్వ అనుకుంటూ ఉండిందని నాకు తెలుసు. ఆ తర్వాత రోజులన్నీ ఆమె మొహం నిండా అదే భయం. బిడ్డ గుడ్డలు మార్చిన ప్రతిసారీ విప్పి చూసేది. బిడ్డ కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టేది. అయినా పాలు ఆపమని ఒక్కమాట అనలేదు. అత్తకు జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి, వెల్లుల్లి కారం చేసి, మూడు పూటలా దగ్గర కూర్చుని తినిపించింది. బిడ్డ బుగ్గలు వచ్చాయి. తొట్టెలో వేసిన రోజు సాయిబుల ముసలామె కూడా వచ్చి తడిమి చూసి, "ఇది మీ ఎనుముదూడ కంటే బలంగుండాది" అంది. అత్త చిగుళ్ళు కనపడేట్టు నవ్వింది. ఆ మధ్యాహ్నం నాకు జడ వేస్తూ ఆ ముసలామె కర్ర పొడుచుకుంటూ నడిచే నడక నడిచి చూపించింది. కొన్నాళ్ళకు బిడ్డను తీసుకుని కడప దిక్కు బండి ఎక్కింది. ఆ బిడ్డకు ఇప్పుడు మనవళ్ళున్నారు.

ఇవతల అవ్వ మారిపోయింది. పనులన్నీ చేసేది గాని ఎనుముతో మాట్లాడటం తగ్గించింది. అరుగు మీద ఎవరి దూడ పోయిందన్న మాట వచ్చినా లేచి లోపలికి పోయేది. మా నాయన ఒకసారి, "నువ్వేం కావాలని చేసినావామా? ఊరంతా చేసేదే కద" అన్నాడు. "ఊరు వాళ్ళ దూడలకు చేసింది. నా వాటికి నేను చేసినా" అంది అవ్వ. అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యాక జున్ను నా నోటికి పోలేదు. అది ఎవరి నోటి ముందునుంచి తీసిందో తెలిసిపోయింది కదా. అత్త మాత్రం ఆ ఒక్క పొద్దున తప్ప, బతికినన్నాళ్ళూ ఆ సంగతి అవ్వ దగ్గర ఎత్తలేదు. ఆమె ఎత్తి ఉంటే అవ్వకు కొంచెం తేలికయ్యేదేమో అని ఈ వయసులో నాకనిపిస్తుంది.

ఎనుము మళ్ళీ ఈనిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. బయట ఎండ మండుతోంది. మాయ ఇంకా పడలేదు. ఊళ్ళోవాళ్ళు చూస్తే బుద్ధి చెబుతారని అవ్వ వాకిలి తలుపు దగ్గరికి వేసింది. తడి నేల మీదే కూర్చుని, దూడను ఒళ్ళోకి లాక్కుని, దాని నోట్లో వేలు పెట్టి తెరిచి, చన్ను అందించింది. అది ముందు వదిలేసింది. మళ్ళీ అందించింది. పట్టింది. దాని గొంతులో గుటకలు పడుతుంటే అవ్వ వీపు నిమురుతూ ఏదో అంటోంది. దగ్గరికి పోతే వినబడింది.

"తాగు తల్లీ, కడుపు నిండా తాగు. నీ ముందర వచ్చినోళ్ళకు నేను పట్టనీలేదు. నాకు తెల్దు. నిజంగా నాకు తెల్దు."

దూడతోనే మాట్లాడుతోందనుకున్నాను. కాని ఆమె దూడ వైపు చూడటం లేదు. గట్టుకు అవతల, అత్త పురుడు పోసుకున్న ఆ ఖాళీ మూల వైపు చూస్తోంది.